కాఫీ డబ్బాలో గవర్నరమ్మ

ఏమయ్యా, ఆ మూల కూర్చుని చేప వేపుడుతో కుస్తీ పడుతున్న పెద్దమనిషీ, నిన్నే! ముందా ముల్లు తీసి పక్కన పెట్టు. అది నీ గొంతులో గుచ్చుకుందనుకో, కథ మధ్యలో నీ వీపు చరిచే పని నాకు పడుతుంది. ప్రతి శుక్రవారం ఇక్కడికొచ్చి రెండు పళ్లేల చేపలు లాగించి, నేను చెప్పిందంతా విని, పోతూ పోతూ "లావర్న్, నీ నోట ఒక్క నిజమూ రాదు" అంటావు కదా. ఇవాళ మొత్తం నిజమే చెబుతా. నమ్మితే నీ తప్పు, నమ్మకపోతే నా తప్పు.

కోపెకీ గవర్నర్ కావడానికి ముందు సంగతి ఇది. ఆవిడ ఇంకా ప్రైమరీలో నిలబడి ఉంది. మా పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలో తేల్చే ఓటింగు ఆగస్టులో. ఆ వేసవి మొదలయ్యేనాటికి మా నోర్‌డాల్‌లో ఆవిడ పేరు సరిగ్గా పలికేవాడు కూడా లేడు.

అప్పటికి నేను పాల ట్యాంకరు తోలడం మొదలెట్టి ముప్పై ఒక్క ఏళ్లు. తెల్లారుజామున బయల్దేరి దొడ్డి దొడ్డికీ పోయి పాలెత్తుకుని చీజ్ ఫ్యాక్టరీలో పోయడమే నా పని. నా రూటులో ఆఖరి మూడు దొడ్లు వాగు అవతల ఉంటాయి. వాటిలో చిట్టచివరిది మా బావ ఎల్రాయ్‌ది. యాభై రెండు ఆవులు. మా అక్క ఆర్లిస్ పొద్దున ఆ దొడ్లో పని చూసుకుని, పది గంటలకల్లా ఊళ్లో దాణా మిల్లు కౌంటర్లో కూర్చునేది. నేను తొమ్మిదింటికి వాళ్ల వంటింట్లో కూర్చునేవాణ్ణి. గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు, కాఫీ. పెళ్లాం లేనివాడికి అంతకన్నా ఏం కావాలి?

ఆ ఏడు మార్చిలో మంచు ఒక్కసారిగా కరిగి వాగు పొంగింది. నీళ్లు తీశాక జిల్లా వాళ్లు వచ్చి వంతెన కింద టార్చిలైట్లేసి చూసి, బోర్డు పాతిపోయారు. ఇరవై టన్నులకు మించిన బండి దాటకూడదట. అక్కడికి చేరేసరికి నా ట్యాంకరు అంతకంటే ఎక్కువే తూగేది. దాంతో వాగు చుట్టూ తిరిగి పోవాల్సొచ్చింది. మూడు మైళ్ల దారి కాస్తా ఇరవై మూడు మైళ్లయింది. ఆ చుట్టుదారి ఖర్చు భరించలేమని మే నెలలో ఫ్యాక్టరీ నుంచి ఆ మూడు దొడ్లకూ ఉత్తరాలొచ్చాయి. సెప్టెంబరు ఒకటికల్లా వంతెన బాగవకపోతే వాళ్ల పాలు తీసుకోరట.

పాలు తీసుకునేవాడు లేకపోతే ఆవుల్ని అమ్ముకోవాల్సిందే. మా బావ ఆ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి ఉప్పు డబ్బా కింద పెట్టాడు.  రోజూ ఉప్పు కోసం డబ్బా ఎత్తినప్పుడల్లా దాని వంక చూసేవాడు.

చిన్న ఊళ్ల వంతెనల డబ్బు ఎటు పోవాలో చెప్పేది గవర్నరే. అందుకే ఆ ఏడు ప్రైమరీ మా ఇంట్లో ఇంత గొడవైంది.

"ట్రెప్టోకే వేస్తా," అన్నాడు బావ ఒకరోజు, టోస్టు మీద వెన్న రాస్తూ. ట్రెప్టో అంటే ఆ ప్రైమరీలో కోపెకీ మీద నిలబడ్డవాడు. "ఆయన మన వంతెన కట్టిస్తానన్నాడు."

"ఎక్కడన్నాడు?" అంది అక్క.

"జూన్‌లో పాడి రైతులందరికీ పెట్టే బ్రేక్‌ఫాస్టులో. నా పళ్లెంలో తన చేత్తోనే పాన్‌కేకు వేసి మరీ అన్నాడు. కుర్చీలో కూర్చున్న మొదటి రోజే ఆ పని చేస్తానన్నాడు."

"ఆ పాన్‌కేకు ఒకపక్క పచ్చిగా ఉంది ఎల్రాయ్. నువ్వే కుక్కకేశావు."

"పాన్‌కేకులు వెయ్యడం రాకపోతే వంతెనలు కట్టడం రాదా?"

"మొదటి రోజే వంతెన కట్టేవాడికి రెండో రోజు ఏం పనుంటుందో!" అన్నాన్నేను.

"నువ్వు గుడ్లు తిను," అన్నాడు బావ.

ఆ సాయంత్రమే వాళ్ల పచ్చిక మీద ట్రెప్టో బోర్డు వెలిసింది. నీలం రంగు. అందులో ఆయన పళ్లు పాల డబ్బా మూతంత ఉన్నాయి. నాకు రాజకీయాలు పట్టవని నీకు తెలుసు. పట్టేదల్లా మా బావ మొహం ఎర్రబడటమే. ఏ ఉపాయంతో ఆయన్ని ఉడికించాలా అని చూస్తుంటే, ఉపాయం నాకు మిల్లులోనే దొరికింది.

ప్రతి ఎన్నికల ఏడూ మా మిల్లు కౌంటరు మీద కాఫీ డబ్బాలు పెడతారు. ఒక్కో డబ్బా మీద ఒక్కో పేరు. దాణా కొనడానికొచ్చినవాడు పక్కనున్న సంచిలోంచి ఒక మొక్కజొన్న గింజ తీసి తనకు నచ్చిన డబ్బాలో వేస్తాడు. మనిషికి ఒక్క గింజే, ఒక్కసారే. సాయంత్రం అక్క లెక్కపెట్టి పలకబోర్డు మీద సుద్దతో రాస్తుంది. మా వాళ్లు పట్టిన చేప పొడుగు దగ్గర మూరెడు కలుపుతారు గానీ డబ్బా దగ్గర మాత్రం నిజాయితీగా ఉంటారు. ఆ లెక్కను మధ్యాహ్నం రేడియోలో వ్యవసాయ వార్తల తర్వాత చదువుతారు కూడా.

జూన్ మూడో వారంలో బోర్డు మీద ట్రెప్టో నలభై ఒకటి, కోపెకీ మూడు.

"ఈ మూడు ఎవరక్కా?" అన్నాను.

"ఒకటి నాది. ఆవిడ ఇరవై రెండేళ్లు వాళ్ల జిల్లాలో రోడ్ల సంఘం నడిపింది. వంతెన సంగతి తెలిసిన మనిషైనా చాలు నాకు. మిగతా రెండూ ఎవరో తెలీదు."

అక్క ఫోనెత్తడానికి అటు తిరిగింది. నేను సంచిలో చెయ్యి పెట్టి చిటికెడు గింజలు తీసి కోపెకీ డబ్బాలో పడేశాను. అక్కడ మేక పేరున్నా వేసేవాణ్ణే. మర్నాడు బోర్డు మీద కోపెకీ పద్నాలుగు! రేడియోలో విని బావ దొడ్లోంచి ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడట. ఆయన మొహం ఎర్రగా కాదు, బీట్‌రూటులా అయిందట.

"పదకొండు మంది ఒక్కరోజులో మారతారా? ఎవడో వెధవ ఆడుకుంటున్నాడు," అన్నాడు మర్నాడు పొద్దున్నే.

"ఊరు మేలుకుంటోంది బావా," అన్నాను గుడ్లు నములుతూ. "ఆడమనిషి వస్తోందంటే నీకు భయం."

"నాకు ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ భయం అలవాటే," అని అక్క వంక చూశాడు. అక్క నా పళ్లెంలో ఇంకో గుడ్డు వేసింది.

ఇక ఆగుతానా? రోజూ మిల్లుకు పోయేవాణ్ణి. బూట్ల లేసు కొందామని ఒకసారి, మేకులు కొందామని ఒకసారి. అక్క అటు తిరగ్గానే ఒక గుప్పెడు. ఒక్క చిక్కే ఉండేది. నేను గుప్పెడు గింజలు వేస్తే బోర్డు మీద ఆరో ఏడో పెరిగేవి, అంతే. అక్కకు చిన్నప్పట్నుంచీ లెక్కలు రావు, సగం వదిలేస్తోంది కాబోలు అనుకుని రెండు గుప్పెళ్లు వెయ్యడం మొదలెట్టాను. జులై వచ్చేసరికి ఓవరాల్ జేబులు నింపుకుని పోయేవాణ్ణి. నడుస్తుంటే గలగల.

మధ్యలో నాలుగు రోజులు ఉత్తరాన సరస్సుకు చేపలకు పోయాను. తిరిగొచ్చి చూస్తే బోర్డు మీద కోపెకీకి ఇంకో ఇరవై ఆరు పెరిగాయి! నేను ఊళ్లోనే లేను కదా, ఒక్క గింజా వెయ్యలేదు కదా. అప్పుడు నాకు వచ్చిన గర్వం చెప్పలేను. జనం నన్ను చూసి మారుతున్నారన్నమాట! ఊరి మొత్తాన్ని ఒక్క జేబుతో తిప్పేశాననుకున్నాను. అద్దంలో చూసుకుని నాకు నేనే టోపీ ఎత్తి నమస్కారం పెట్టుకున్నాను.

ఆ వేసవి అన్నీ నాకు కలిసొచ్చాయి. అక్క కోళ్లు కూడా. అంతకు ముందెప్పుడూ అన్ని గుడ్లు పెట్టలేదవి. పచ్చసొన అంత పసుపు నేనెప్పుడూ చూళ్లేదు. పళ్లెంలో దీపాలు వెలిగించినట్టుండేది. రోజూ నాలుగు తిని, శనివారం ఒక డజను ఇంటికి పట్టుకుపోయేవాణ్ణి.

జులై రెండో వారంలో బోర్డు మీద కోపెకీ నూట నలభై, ట్రెప్టో నలభై నాలుగు. ఆ గురువారం పొద్దున నేను వాగు ఇవతలి ఆఖరి దొడ్డిలో పాలెత్తుకుని బయటికొచ్చేసరికి రోడ్డు పక్కన ఒక పాత బూడిదరంగు కారు. దాంట్లోంచి పొట్టి జుట్టున్న ఒకావిడ దిగి రబ్బరు బూట్లు తొడుక్కుంటోంది.

"పాల లారీ లావర్న్ నువ్వేనా? నేను మార్జీన్ కోపెకీని. నీతో ఆ చుట్టుదారి చూద్దామని వచ్చాను."

నా గుండె జేబులోకి జారింది. అక్కడప్పటికే గింజలున్నాయి.

"ఎక్కడం కష్టం మేడం. చెయ్యివ్వనా?"

"నువ్వు నిక్కరేసుకున్నప్పుడే నేను ట్రాక్టర్ తోలానయ్యా. తలుపు తియ్యి చాలు."

ఎక్కి కూర్చుంది. నేను ఏటవాలు రోడ్డు మీద గేరు మారుస్తుంటే, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ మామూలుగా అంది.

"ఈ మిల్లుకొచ్చే రైతులు తొంభై మందికి మించరని విన్నాను. నాకు పడ్డ గింజలు నూట నలభై."

నేను రోడ్డు వైపే చూస్తున్నాను. రోడ్డు చాలా అందంగా ఉంది.

"నీ జేబు చప్పుడు చేస్తోంది లావర్న్."

"అవి... దగ్గు బిళ్లలు మేడం."

"అలాగా! నాకొకటివ్వు. నాకూ గొంతు గరగరగా ఉంది."

ఏం చేస్తాను? జేబులోంచి ఒక మొక్కజొన్న గింజ తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి తన చొక్కా జేబులో వేసుకుంది.

"మరి అబద్ధమని తెలిసీ ఎందుకొచ్చారు?" అన్నాను సిగ్గు లేకుండా.

"నన్నెప్పుడూ చూడనివాళ్లు నా కోసం ఇంత అబద్ధం ఆడుతున్నారంటే ఆ ఊళ్లో ఏదో పెద్ద అవసరం ఉండాలి. అదేంటో చూద్దామని," అంది. "నీ లారీ ఖాళీగా ఉంటే ఎంత బరువు?"

"పన్నెండు టన్నులు."

"వాగు అవతల మూడు దొడ్లవీ కలిపి పాలెంత?"

"ఏడు."

"వంతెన ఎంత మోస్తుంది?"

"ఇరవై."

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. మీటరు మీద మైళ్లు తిరుగుతున్నాయి. తర్వాత మెల్లగా అంది.

"మరి ముందు వాళ్ల దగ్గరికే ఖాళీ లారీతో పోయి, వాళ్ల పాలెత్తుకుని దాటి వచ్చేసి, మిగతావాళ్ల దగ్గరికి తర్వాత పోవచ్చు కదా? పన్నెండూ ఏడూ పంతొమ్మిదేగా!"

"కుదరదు మేడం. ఎల్రాయ్ దొడ్లో పాలు తొమ్మిదైతే గానీ చల్లబడవు. ఆ ట్యాంకు పాతది."

"ఎంత పాతది?"

చెప్పబోయి ఆగాను. ఆ పాత ట్యాంకు తీసేసి బావ కొత్తది పెట్టి పంతొమ్మిదేళ్లయింది. దాన్ని దొడ్లోకి మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అసలా పాత ట్యాంకు కూడా బాగానే చల్లబరిచేది. ఆ మాట పుట్టించింది నేనే. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో. తొమ్మిదింటికి అక్క వంటింట్లో కూర్చోవాలంటే అది ఆఖరి దొడ్డి కావాలి కదా. ఫ్యాక్టరీ వాళ్లకు ఎల్రాయ్ పాలు చల్లబడవని చెప్పాను. బావకేమో ఫ్యాక్టరీ వాళ్ల టైమింతే అన్నాను. అందరూ నమ్మారు. ముప్పై ఒక్క ఏళ్లలో నేనూ నమ్మేశాను.

"లావర్న్?"

"గుడ్లు మేడం," అన్నాను.

"ఏంటీ?"

"మా అక్క గుడ్లు బాగా వండుతుంది."

ఆవిడ నవ్వలేదు. పెన్ను తీసి అరచేతి మీద ఏదో రాసుకుంది.

బావ దొడ్డి దగ్గర దిగేసరికి బావ కొట్టం ముందు గడ్డి దులుపుతున్నాడు. పచ్చిక మీద ట్రెప్టో పళ్లు మెరుస్తున్నాయి. అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కోపెకీ ఆ బోర్డును చూసింది, కానీ దాని ఊసెత్తలేదు.

"ట్రెప్టో మొదటి రోజే వంతెన కట్టిస్తానన్నాడు," అన్నాడు బావ, పలకరింపు కూడా లేకుండా. "మీరెన్నో రోజు?"

"నేనైతే రెండేళ్లు పడుతుంది," అంది కోపెకీ. "మీదాని కంటే ముందు కట్టాల్సినవి పదకొండున్నాయి. వాటిలో రెండిటి మీద స్కూలు బస్సులు పోతాయి. వాటిని వెనక్కి నెట్టి మీది ముందుకు తెస్తానని చెప్పను."

బావ గడ్డిపార నేలకు ఆనించాడు. "అయితే సెప్టెంబరులో నా ఆవులు?"

"అమ్మక్కర్లేదు. రేపట్నుంచి ఈయన్ని ముందు ఇక్కడికే రమ్మనండి, ఖాళీ లారీతో. వెనక్కి పోయేటప్పుడు పంతొమ్మిది టన్నులే ఉంటుంది. వంతెన మోస్తుంది. ఫ్యాక్టరీ వాళ్లకు కాగితం మీద లెక్క నేను రాసిస్తాను."

బావ ఆవిడ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. చాలాసేపు చూశాడు. నాకు ఆవుల్ని చూడాలనిపించి ఆవుల్ని చూశాను.

"ముప్పై ఒక్క ఏళ్లు," అన్నాడు బావ.

"గుడ్లట," అంది కోపెకీ.

అక్క పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుందనుకున్నా. అక్క నవ్వలేదు. ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంటున్నట్టు చేసి కళ్లు తుడుచుకుంది. అప్పటిదాకా నాకు తట్టలేదు, ఆ ఉప్పు డబ్బా ఆవిడ కూడా రోజూ ఎత్తుతోందని.

బావ గడ్డిపారను గోడకు ఆనించి చేతులు పాంటుకు తుడుచుకున్నాడు.

"లోపలికి రండి," అన్నాడు. "కాఫీ తాగి పోదురు."

అంతే జరిగింది. ఉపన్యాసాలు లేవు, ఫొటోలు లేవు. కానీ మర్నాడు చీకటితో పోయేసరికి పచ్చిక మీద ట్రెప్టో లేడు. ఆ బోర్డుకున్న ఇనుప కాళ్లు రెండూ పెరట్లో టమాటా మొక్కకు ఊతంగా నిలబడి ఉన్నాయి.  నా ఓటు సంగతంటావా? అంతకు ముందెన్నడూ నేనొక మనిషిని చూసి ఓటేసింది లేదు. నన్ను పట్టుకుని కూడా ఊళ్లో చాటకుండా, పన్నెండూ ఏడూ కలిపి చూపించిన మనిషిని వదులుకుంటానా?

ఆగస్టులో ఓట్లు పడ్డాయి. టౌన్ హాల్లో మా ఊరి లెక్క చదివారు. కోపెకీ డెబ్బై ఒకటి, ట్రెప్టో ముప్పై ఎనిమిది. రాష్ట్రం మొత్తం మీద కూడా ఆవిడే నెగ్గింది. ఫ్యాక్టరీ నుంచి కొత్త ఉత్తరం వచ్చింది, పాలు మామూలుగానే తీసుకుంటామని. బావ పాత ఉత్తరం ఉప్పు డబ్బా కింద నుంచి తీసి పొయ్యిలో వేశాడు.

ఆ శుక్రవారం ఇక్కడే, ఇదిగో ఈ బల్ల దగ్గరే కూర్చున్నాం. అక్క, బావ, మిల్లు వాళ్లు, ఇంకా పదిమంది. నాకు రెండు బ్రాందీలు పడ్డాయి. లేచి నిలబడి గ్లాసు ఎత్తాను.

"నోర్‌డాల్ ప్రజలారా! మీరంతా మీ అంతట మీరే మారామనుకుంటున్నారు. పిచ్చివాళ్లారా! ఆ డబ్బాలో గింజలు నింపింది నేను! రోజుకు రెండు జేబులు! గవర్నరమ్మను ఈ ఊరికి రప్పించింది నేను! ఊరి మొత్తాన్నీ ఫూల్ చేశాను!"

ఒక్కడూ ఆశ్చర్యపోలేదు. ఒకడు చేపకు నిమ్మకాయ పిండుకుంటున్నాడు.

"కూర్చోరా," అంది అక్క. "నువ్వు మొదటి రోజు వేసినప్పుడే సిగరెట్ల బీరువా అద్దంలో చూశాను."

"చూసి ఊరుకున్నావా?"

"ఊరుకోక! నీ మొదటి చిటికెడు చూశాకే నాకా ఆలోచన వచ్చింది. పెద్ద అంకె రేడియోలో వస్తే గానీ ఆవిడ ఇటు రాదనిపించింది. ఆ రోజు నుంచీ బోర్డు మీద అంకె నా ఇష్టమొచ్చినట్టు నేనే రాశాను. నువ్వు చేపలకు పోయినప్పుడు కూడా రాశాను. ఎవరైనా నిలదీస్తే నీ పేరు చెబుదామనుకున్నా. నువ్వు చేశావంటే ఈ ఊళ్లో ఎవరూ 'ఎందుకు' అని కూడా అడగరు."

"అడగలేదు కూడా," అన్నాడు చేప తింటున్నవాడు.

"నువ్వు డబ్బా వైపు కన్నెత్తి చూడలేదా మరి?" అన్నాను అక్కతో.

"ఒక్క గింజా లెక్కపెట్టలేదు."

చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాను. 

"మరి నా గింజలు? రోజుకు రెండు జేబులు వేశాను కదే, అన్ని గింజలూ ఏమైనట్టు?"

అక్క నా పళ్లెంలోకి ఇంకో చేపముక్క తోసింది, పొద్దున్నే గుడ్డు తోసినట్టే.

"సాయంత్రం డబ్బా ఇంటికి తెచ్చి కోళ్లకు చల్లేదాన్ని," అంది. "పచ్చసొన ఎంత బాగుందని నువ్వే అన్నావుగా."

అదయ్యా సంగతి. ఆ వేసవంతా కోపెకీకి నేను వేసిన ఓట్లన్నీ నేనే తిన్నాను. రోజుకు నాలుగు, ఉప్పూ మిరియాలూ చల్లుకుని మరీ.